అమల వంతు

పూతలపట్టులో దిగాల్సిన అవ్వ చిత్తూరు బస్టాండులో దిగింది. తప్పు అవ్వది కాదు, డ్రైవరుది కాదు. ఆ మాటకొస్తే నాది కూడా కాదు. నా పొట్టది.

మామిడికాయల కాలం. తిరుపతి నుంచి చిత్తూరు పోయే మా బస్సులో ఆ రోజు మనుషులకంటే గంపలెక్కువ, గంపలకంటే గొంతులెక్కువ. ఆడవాళ్ళకు డబ్బుల్లేని ప్రయాణం వచ్చినప్పటినుంచి బస్సు పుట్టిల్లయిపోయింది. పిలవకుండా వస్తారు, పొమ్మన్నా తొందరగా పోరు. సున్నా టికెట్టయినా టికెట్టే కనుక అందరికీ కొట్టాల్సిందే. అట్లా కొట్టుకుంటూ వెనకనుంచి ముందుకు జరుగుతూ సరిగ్గా బస్సు నడుమ ఇరుక్కుపోయాను. ఎడమ పక్క తోతాపురి గంప, కుడి పక్క గంపంత పెద్దావిడ, ఆ రెంటి మధ్యలో నేను, నా మధ్యలో నా మధ్యప్రదేశం. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. వెనక సీట్లోంచి అవ్వ కేకలు పెడుతోంది.

"నాయనా, పూతలపట్టు! పూతలపట్టు వచ్చేసింది, ఆపు నాయనా!"

విజిల్ వెయ్యాలి. విజిల్ ప్యాంటు జేబులో ఉంది. జేబు పొట్ట కింద ఉంది. పొట్ట గంప కింద ఉంది. తవ్వి తీసి ఊదేసరికి పూతలపట్టు వెనకబడి చాలాసేపయింది. డ్రైవరు ఖాదర్ బాషా బండి పక్కకు తీశాడు గాని, అవ్వ దిగనంది.

"నడి రోడ్డులో దిగేదానికి నేనేమన్నా గొర్రెనా? చిత్తూరుకే పద. ఎదురు బస్సులో నువ్వే ఎక్కించల్ల."

పెద్దావిడ నా వైపు తిరిగింది. తిరగడమంటే మెడ మాత్రమే, మిగతా మనిషి తిరిగే చోటు లేదు. "ఏమబ్బా కండెక్టరూ, నీకే రెండు సీట్లు కావల్ల. నువ్వొచ్చి నిలబడుకోని మమ్మల్ని జరగమంటా ఉండావే!"

"కండక్టరును గదమ్మా. కండ ఎక్కువైంది," అన్నాను.

బస్సు మొత్తం నవ్వింది. అవ్వ నవ్వలేదు. చిత్తూరులో దిగి నేరుగా ఆఫీసుకు పోయి నా మీద చెప్పింది.

మర్నాడు మా తిరుపతి డిపో మేనేజరు మునిప్రసాద్ గారు పిలిచారు. మంచి మనిషి. కుర్చీ చూపించి, కుర్చీ చేతుల మధ్య వెడల్పు చూసి, "నిలబడే మాట్లాడుకుందాం లేప్పా," అన్నారు.

"సుందరరాజూ, నీ మాటలు బాగుంటాయి. బస్సులో అందురూ నవ్వతారు. నవ్వినోళ్ళు నవ్వినట్టే స్టాపు దాటిపోతా ఉండారు గదా!"

"సార్, మన బస్సులో నవ్వుకు స్టాపు లేదు సార్."

ఆయన నవ్వలేదు. ఆ వారం నవ్వని వాళ్ళలో ఆయన రెండో మనిషి. "వినాయక చవితికి కాణిపాకంలో ఉత్సవాలు. జనం ఒకరి మీద ఒకరు ఎక్కతారు. ఆ లోపల నువ్వు నడవలో అడ్డం లేకుండా తిరగాల. లేదంటే పార్శిల్ గదిలో కూర్చుందువుగాని. ఆడ పనీ తక్కువ, మనుషులూ తక్కువ."

పని తక్కువంటే ఎవరికైనా సంతోషమే. రెండో మాట మాత్రం పొట్ట దాటి లోపల ఎక్కడో గుచ్చుకుంది.

నా పరిస్థితి చెప్పాలి. పేరు సుందరం, ఆకారం గుండ్రం. కాణిపాకం వినాయకుడు ఏటేటా పెరుగుతాడని, పాత వెండి కవచం ఇప్పుడు ఆయనకు పట్టదని మా పక్క చెప్పుకుంటారు. నా ఖాకీ చొక్కాకూ అదే మహిమ. కొర్లగుంటలో మిద్దె మీద చిన్న ఇల్లు. పిల్లలు లేరు. భార్య అమల ఏడేళ్ళ కిందట కువైట్ పోయింది, ఒక ముసలమ్మను చూసుకునే పనికి. రెండేళ్ళ పని కాగితం మీద పోయింది. ఆ రెండేళ్ళకు ఇంకో రెండేళ్ళు పుట్టాయి, వాటికి మళ్ళీ పుట్టాయి. మాకు పుట్టని సంతానమంతా ఆ కాగితాలకే పుట్టింది. "ఆమె కువైట్, నేను వెయిట్, ఇద్దరం వెయిటింగు," అని బస్సులో చెబితే చంద్రగిరి దాకా నవ్వుతారు. బస్సు దిగినాక ఆ మాటే నాకు నేను చెప్పుకుంటే ఎవరూ నవ్వరు. ఇంట్లో నాతో గొంతు కలిపేది కుక్కరొక్కటే. దానికీ తెలిసింది ఒకటే మాట.

అందుకని నాకు బస్సంటే ఉద్యోగం కాదు. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా నేను నోరు తెరిస్తే వినే చెవులు అక్కడే ఉన్నాయి. పార్శిల్ గదిలో అట్టపెట్టెలుంటాయి. వాటి మీద 'జాగ్రత్త, పగులును' అని రాసి ఉంటుంది. అవి నవ్వవు, పగలబడి అసలే నవ్వవు.

*

అదే నెలలో డిపో మేడ మీద వైద్య శిబిరం పెట్టారు. డాక్టర్ కోమలి అని ఒకావిడ వైద్య కళాశాల నుంచి వచ్చింది. పొట్టకూ వయసుకూ ఉండే సంబంధం మీద ఏదో పరిశోధన చేస్తోంది. డ్రైవర్లు, కండక్టర్లు అయితే రోజంతా కూర్చునే వాళ్ళు, నిలబడే వాళ్ళు ఇద్దరూ దొరుకుతారని మా డిపోను ఎంచుకుందట. నేను నిలబడే జాతి. అయినా నా పొట్ట కూర్చునే జాతిలో కలిసింది.

బొడ్డు దగ్గర టేపు చుట్టి, "ఊపిరి బిగబట్టొద్దు," అంది.

"బిగబట్టలేదు మేడం. అదే బిగుసుకోనుంది."

టేపు కొస దొరక్క ఆమె నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. రక్తం తీసుకున్నారు. కొన్నాళ్ళకు మళ్ళీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

"సుందరరాజు గారూ, మేం బరువొక్కటే చూడం. కొవ్వు ఎక్కడుందో చూస్తాం. చేతుల్లో, తొడల్లో ఉండేది ఒక రకం. పొట్ట లోపల పేగుల చుట్టూ చేరేది ఇంకో రకం. అది ఊరికే కూర్చోదు. వాపు పుట్టించే పదార్థాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. పైకి మంట కనపడదు."

"ఊకలో నిప్పు మాదిరి."

"అంతే. ఆ నిప్పు ఉన్న వాళ్ళ రక్తంలో ముసలితనం గుర్తులు ముందుగా కనపడుతున్నాయి. తువాలు కొసల్లో దారాలు ఊడకుండా ముళ్ళు వేస్తారు కదా, మన కణాల్లో జన్యువుల దారాలకూ కొసల్లో అట్లాంటివే ఉంటాయి. వయసు మీద పడే కొద్దీ అవి అరుగుతాయి. పెద్ద పొట్ట ఉన్న వాళ్ళలో కొంచెం ఎక్కువ అరిగి ఉంటున్నాయి. ఇంకొకటి, జన్యువుల మీద సన్న సన్న గుర్తులు పడుతూ ఉంటాయి. పాత రోజుల్లో మీరు టికెట్టుకు చిల్లు కొట్టేవారే, అట్లా. ఆ చిల్లులు చదివితే ఒళ్ళు ఎంత దూరం వచ్చిందో అంచనా కట్టొచ్చు."

ఆ మాటతో నాకు అంతా అర్థమైపోయింది. టికెట్టు భాషలో చెబితే కండక్టరుకు అర్థం కానిదేముంటుంది?

"నా టికెట్టు ఏ స్టాపు చూపిస్తా ఉండాది మేడం?"

"కాగితం మీద మీకు యాభై మూడు. రక్తం లెక్కలో అరవై నాలుగు."

వేళ్ళ మీద లెక్కేసుకున్నాను, పదకొండేళ్ళు ఎక్కువ.

"అంటే నేను పూతలపట్టుకు టికెట్టు తీసుకోని చిత్తూరులో దిగినానన్నమాట. ఆ అవ్వ ఉసురు తగిలింది."

అవ్వ కథ చెప్పాను. కోమలి డాక్టరు కళ్ళద్దాలు తీసి మరీ నవ్వింది. నవ్వు తగ్గినాక, "ఇది అంచనా మాత్రమేనండీ," అంది. "మందిని పోగేసి చూస్తే కనపడే సంబంధం. మీ ఒక్కరి గురించి రాసిచ్చినట్టు చెప్పలేను. పొట్ట వల్ల ముసలితనమా, ముసలితనం వల్ల పొట్టా, రెంటినీ నడిపేది ఇంకేదన్నా ఉందా, అది మేమింకా తేల్చుకోవాలి."

"ఎనక్కి పోయే బస్సు ఉండాదా?"

"ఉండొచ్చు. పొట్ట తగ్గితే కొన్ని గుర్తులు మెరుగయ్యే అవకాశముంది, అన్నీ కాకపోవచ్చు. గుండెకు, సుగరుకు మంచిది, ఆ సంగతి మాత్రం నమ్మకంగా చెప్తాను. రాత్రికి ఏం తింటారు?"

"అన్నం."

"ఎంత?"

"ఇద్దరు తినేంత."

"ఇంట్లో ఎంతమంది?"

"నేనొకణ్ణే."

ఆమె రాయడం ఆపి నా వైపు చూసింది. "నడుముకు నడమంత్రపు సిరి పట్టింది మేడం, ఏం చేసేది," అని లేచి వచ్చేశాను. ఈసారి ఆమె నవ్విందో లేదో చూడలేదు.

*

ఇద్దరు తినేంత ఎందుకు తింటానో ఆమెకు చెప్పి ఉండొచ్చు. చెబితే పరిశోధనలో ఏ గడిలో రాసుకుంటుంది?

మా పెళ్ళిలో అత్తగారు గంగులమ్మ సారెతో పాటు రెండు స్టీలు గ్లాసులు పెట్టింది. పాత్రల అంగడిలో పేర్లు కొట్టించింది. ఒకదాని మీద 'అమల' అని పొందికగా కుదిరింది. రెండోదాని మీద 'సుందరరాజు' పట్టలేదు. 'సుందరరా' దగ్గరే గ్లాసు చుట్టు తిరిగిపోయి, 'జు' పోయి 'సు' మీద ఎక్కింది. చుట్టుకొలత చాలకపోవడం నాకు ఆనాడే మొదలైందన్నమాట. మా ఇంట్లో బియ్యానికి ఆ గ్లాసులే కొలత. ఆమె గ్లాసుతో ఒకటి, నా గ్లాసుతో ఒకటి.

అమల కువైట్ విమానానికి చెన్నై పోయిన రోజు గంగులమ్మ మా ఇంట్లోనే ఉంది. సాయంత్రం నేను నా గ్లాసు మాత్రం ముంచుతుంటే చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాయనా. ఊరు పోయిన మనిషి వంతు బియ్యం తగ్గించగూడదు. తగ్గిస్తే ఇల్లు ఆ మనిషిని మరిసిపోతాది. మరిసిపోయిన ఇంటికి మనిషి తిరిగి రాదు. వండింది పారబోయద్దు, గడప దాటించద్దు. అది ఆ బిడ్డ కూడు."

"మరి తినేదెవురత్తా?"

"నువ్వుండావు గదా."

గంగులమ్మ మూడేళ్ళ కిందట పోయింది. మాట మాత్రం ఉండిపోయింది. నేను దేవుడి విషయంలో కూడా అంత నిష్ఠగా లేను. ప్రతి సాయంత్రం రెండు గ్లాసులూ పోస్తాను. ముందు నా వంతు తింటాను, పప్పుతోనో ఊరిబిండి పచ్చడితోనో. తర్వాత పళ్ళెం కడుక్కుని మళ్ళీ కూర్చుని అమల వంతు తింటాను. ఆమెకు మజ్జిగన్నం ఇష్టం కాబట్టి ఆ వంతులో మజ్జిగే పోసుకుంటాను. మొదట్లో బలవంతంగా పోయేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఆ రెండో పళ్ళెం కోసమే ఇంటికి వస్తున్నట్టయింది.

కాబట్టి నా పొట్టలో ఉన్నది కొవ్వని డాక్టరు అంటుంది. నా లెక్కలో అది ఏడేళ్ళ అమల.

శిబిరం తర్వాత నేనూ ఊరికే కూర్చోలేదు. డిపోకు నడిచి పోయాను. చంద్రగిరి బజ్జీలు మానేశాను. బజ్జీలే గదా బొజ్జీలయ్యేది. చిత్తూరు మెస్సులో అన్నం మాని రాగి సంగటి అడిగాను, ముద్ద చిన్నదిగా చెయ్యమన్నాను. ఇన్ని చేసినా సాయంత్రం రెండు పళ్ళేలూ తింటాను కదా. బెల్టు ఉన్న చిల్లులోనే ఉండిపోయింది. ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. మామిడి గంపలు తగ్గాయి, నేను తగ్గలేదు.

ఒక సాయంత్రం ఖాదర్ బాషా మా ఇంటికి వచ్చాడు. ఆయన ఫోను నా టికెట్ల సంచిలో పడి ఉంటే తీసుకుపోవడానికి. సరిగ్గా నేను బియ్యం పోస్తున్నాను.

"అరె భాయ్, ఇంతన్నం ఎవురికి? చుట్టాలొస్తా ఉండారా?"

ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి. అయినా ఖాదర్ పదేళ్ళుగా నా ముందు కూర్చుని బండి నడిపినవాడు. ఆయనకు నా గొంతు తెలుసు, నాకు ఆయన వీపు తెలుసు. చెప్పాను. గ్లాసులు రెండూ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"గడప దాటగూడదు, అంతే గదా? గడప లోపల నేను తినొచ్చా?"

"తిను."

తిన్నాడు. అమల వంతు మజ్జిగన్నం, నంజుకునేదానికి ఊరగాయ. మెచ్చుకుంటూ తిన్నాడు. నేను ఒక్క పళ్ళెంతో లేచాను. పొట్టకు చాలింది. అయినా ఆయన పళ్ళెం ఖాళీ అవుతుంటే నా నుంచి ఏదో తీసుకుపోతున్నట్టు అనిపించింది. నా మొహం చూశాడో ఏమో, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"నేను దినామూ రాలేను సుందర్. వచ్చినా నువ్వు పెట్టలేవు. నేను తింటా ఉంటే నువ్వు నన్ను చూసిన చూపు, అబ్బా, టికెట్టు లేనోణ్ణి చూసినట్టు చూసినావు. చెల్లెమ్మనే అడుగు. ఆమె కూడు గురించి ఆమెనే అడగల్ల గదా!"

"ఏమని అడిగేది?"

"వస్తావా రావా అని."

"ఆ మాట ఏడేండ్లుగా అడగలేదు ఖాదరూ."

"తెల్సు. అందుకే గదా పొట్ట," అన్నాడు.

*

అమలకు శుక్రవారం సెలవు. దీపాలు పెట్టే వేళకు ఫోను చేస్తుంది.

"తిన్నావా?" ఎప్పుడూ అదే మొదటి మాట.

"ఇంకా లేదు మే. నువ్వు?"

"తింటాలే. పొట్ట ఏమైంది? మేనేజరు ఇచ్చిన టైం అయిపోవస్తా ఉండాది గదా!"

"తగ్గలా. తగ్గేట్టు లేదు."

"ఎందుకు తగ్గదయ్యా?"

"నువ్వుండావు గదా దాంట్లో."

నవ్వించడానికే అన్నాను. ఆమె "ఏందది?" అంది. ఇక ఆపలేకపోయాను. వాళ్ళమ్మ మాట, రెండు గ్లాసులు, రెండు పళ్ళేలు, మజ్జిగ, అంతా చెప్పేశాను. చెబుతూ చెబుతూ మధ్యలో రెండు మూడు చోట్ల ఛలోక్తులు కూడా వేశాను. అవి అట్లాగే రాలిపోయాయి. అవతల ఎవరిదో అరబ్బీలో టీవీ మోగుతోంది.

"మా యమ్మ మాటా? ఇంకానా?"

"ఇంకా."

ఆమె లేచి పక్క గదిలోకి పోయినట్టుంది, టీవీ సద్దు తగ్గింది.

"నేను గూడా పోసినా," అంది చివరికి. "ఈడికి వచ్చిన కొత్తలో. నీ వంతు. ముసలమ్మ సూసి, నీతో ఇంకెవురుండారు అని అడిగింది. ఎవురూ లేరంటి. అట్లయితే యాల పోస్తావు అనింది. ఆ పొద్దు ఏడిసినా. మర్నాటి నుంచి పోయలా."

"ఎప్పుడది?"

"చానా రోజులైందిలే."

నాకు తెలిసిన విద్య ఒకటే కనుక దాన్నే తీశాను. "నువ్వు కువైట్, నేను వెయిట్..."

"అది పాతదయ్యా," అంది మెల్లగా. చిన్నపిల్లాడి చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు తీసుకుంది ఆ మాటను.

అప్పుడు అడిగాను. "ఈసారి కాగితం తిరగరాసేటప్పుడు... రాయకుండా ఉంటే?"

"ముసలమ్మకు నేనే తినిపించల్ల. ఇంకెవురు పెట్టినా నోరు తెరవదు. ఆమెను యిడిసి ఎట్లొస్తా?" అని ఆగింది. రానని అనలేదు. వస్తాననీ అనలేదు. "నా వంతు తగ్గించుకో. నేనే చెప్తా ఉండా. నీ కూడు నువ్వు తిను, సాలు. ఆ బస్సు గూడా పోతే నువ్వెవురితో మాట్లాడతావు? పార్శిల్ పెట్టెలతోనా?"

పార్శిల్ గది సంగతి ఎప్పుడో ఒక్కసారి చెప్పి ఉంటాను. అది ఆమెకు గుర్తుంది. నాకు ఏది పోతే ఏమవుతుందో అంత దూరం నుంచి తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు. ఆ మనిషే తన వంతు తీసేయమంటోంది.

"సరే మే," అన్నాను.

ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయాను. ఎక్కువ ఆలోచిస్తే చెయ్యలేనని నేరుగా అమల గ్లాసు చేతికి తీసుకున్నాను. అటక మీద పెట్టేద్దామని స్టూలు లాగాను. ఎక్కాను కూడా. నా బరువుకు స్టూలు మూలిగింది. అటక మీద అమల పాత సూట్‌కేసు, దాని పక్కన ఆమె చీరల మూట. వాటి పక్కన గ్లాసు పెట్టబోయాను. మూడోది కూడా చేరితే ఇంట్లో ఆమెది ఇంకేం మిగలదు. చెయ్యి కదల్లేదు. స్టూలు మీద అట్లాగే నిలబడ్డాను. ఎక్కాల్సిన వాళ్ళు ఇంకా రాలేదని రైట్ చెప్పలేని కండక్టరులాగా.

దిగాను. ఆమె గ్లాసును బియ్యం డబ్బా మీద పెట్టాను. దాని పక్కనే నా గ్లాసు ఉంది, 'జు' పోయి 'సు' మీద ఎక్కింది.

గంగులమ్మ ఏమంది? ఊరు పోయిన మనిషి వంతు తగ్గించగూడదంది. ఊళ్ళో ఉన్న మనిషి వంతు గురించి ఆమె ఒక్క మాట చెప్పలేదు.

నా గ్లాసు తీసుకుని మళ్ళీ స్టూలెక్కి, సూట్‌కేసు పక్కన బోర్లించి దిగాను. అమల గ్లాసుతో ఒక కొలత బియ్యం పోసి కడిగాను. కుక్కరు అంత తక్కువ బియ్యం ఎప్పుడూ చూడలేదు. దాని కూత కూడా మారింది. పళ్ళెంలో అన్నం పెట్టుకుని మజ్జిగ పోసుకుని ఆమె వంతు తిన్నాను. నా వంతు తినలేదు. మొదటి రోజుల్లో పడుకుంటే పొట్ట గోల పెట్టేది. నువ్వు ఊరు పోయినావు, ఊరుకో అని చెప్పుకునేవాణ్ణి.

*

వినాయక చవితి ముందు వారం బెల్టు రెండు చిల్లులు లోపలికి పోయింది. మునిప్రసాద్ గారు ప్రయాణికుడిలాగా మా బస్సెక్కి, నేను వెనకనుంచి ముందుకు వచ్చేదాకా చూశారు. అడ్డదిడ్డంగా కాకపోయినా అడ్డంగానైతే వచ్చేశాను. "ఈ ఉత్సవాలకు నువ్వేప్పా," అని దిగిపోయారు.

కోమలి డాక్టరు టేపు పెట్టింది. ఈసారి ప్రదక్షిణం అక్కర్లేకపోయింది.

"బాగా తగ్గింది. ఏం చేశారు?"

"ఒక మనిషి వంతు మానేసినాను మేడం."

"మంచి పని. రక్తం ఏడాదికి మళ్ళీ తీస్తాం. ఆ వయసు తగ్గుతుందో లేదో ఇప్పుడే ఆశ పెట్టను."

"పర్లేదు మేడం. చిత్తూరులో దిగినోణ్ణి, ఎదురు బస్సు వచ్చిందాకా బస్టాండులో కూర్చుంటా."

ఉత్సవాల రోజుల్లో బస్సులో చీమ దూరే సందు లేదు. నేను దూరాను. గంపంత పెద్దావిడ మళ్ళీ ఎక్కింది. మనవరాలికి మొక్కు ఉందట. నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఏమబ్బా, పొట్ట యాడ పెట్టొచ్చినావు?"

"అటక మీద పెట్టినానమ్మా, ఎలకలు కొట్టకుండా సూసుకోవాల!"

బస్సు కుదుపుకంటే పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. ముందు అద్దంలో ఖాదర్ కళ్ళు కనపడ్డాయి. ఆయన నవ్వలేదు. గేరు మార్చాడు.

ఆ శుక్రవారం దీపాలు పెట్టే వేళకు ఫోను వచ్చింది.

"తిన్నావా?"

"పొయ్యి మీద ఉండాది."

"బస్సు?"

"నాకే ఇచ్చినారు. మేనేజరే వచ్చి సూసి పోయినాడు."

"అబ్బ, మంచి మాట చెప్పినావు," అంది. నిజంగా సంతోషించింది, గొంతులో తెలుస్తోంది. తర్వాత అడిగింది, "నా వంతు తగ్గించినావా మరి?"

"ఒక్క గ్లాసే పోస్తా ఉండా."

అవతల టీవీ లేదు. ముసలమ్మ నిద్రపోయిందేమో. అమల ఊపిరి వినపడుతోంది. తగ్గించమన్నది ఆమే. అయినా 'ఒక్క గ్లాసే' అని నా మాటనే తనలో తాను అనుకుంది.

"మంచిది," అంది తర్వాత. "ఉంటా మరి."

ఫోను పెట్టేటప్పుడు అందరూ అనే మాటే అది.

కుక్కరు కూసింది. పోయి మంట తగ్గించాను. ఏ గ్లాసని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.